గాజియా క్లాసిక్ ప్రో: ఇంటి ఎస్ప్రెస్సో కోసం కొనదగిన యంత్రమేనా?

ఇంట్లోనే ఎస్ప్రెస్సో, అంటే వేడినీటిని ఒత్తిడితో పొడి గుండా పంపి తీసే చిక్కని కాఫీ, తీసుకుని తాగాలనుకునేవారికి గాజియా క్లాసిక్ ప్రో మంచి ఎంపికే అని ముందే చెప్పేస్తున్నాను. అయితే ఆ మాటకు రెండు షరతులున్నాయి. యంత్రానికి సరిపడా డబ్బు ఉంటే చాలదు, గింజలను పొడి చేసే మంచి గ్రైండర్‌కు విడిగా మరికొంత తీసిపెట్టుకోవాలి. రెండోది, ఈ కాఫీ తాగేవారు ఇంట్లో ఒకరిద్దరికి మించకూడదు. తెల్లవారేసరికి ఆరుగురికి గ్లాసుల నిండా పొగలు కక్కే కాఫీ అందించవలసిన ఇంట్లో దీన్ని నమ్ముకుంటే, ఆఖరి మనిషి చేతికి గ్లాసు వచ్చేసరికి మొదటి మనిషి ఆఫీసుకు బయలుదేరి ఉంటాడు. అలాంటి ఇంటికి స్టీలు ఫిల్టరూ, రాత్రే వేసిపెట్టుకున్న డికాషనూ ఇప్పటికీ సాటిలేనివి. మా ఇంట్లో రెండూ ఉన్నాయి, దేని పని దానిదే.

ఎస్ప్రెస్సో చరిత్రలో గాజియా అనే పేరుకు గట్టి స్థానమే ఉంది. మిలాన్‌కు చెందిన అకిల్లే గాజియా, ఆవిరి మీద ఆధారపడకుండా వేడినీటిని ఒత్తిడితో కాఫీ పొడి గుండా పంపే పద్ధతికి 1938లో పేటెంట్ తీసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత ఆయన తెచ్చిన స్ప్రింగు లివరు యంత్రాలతోనే, ఈనాడు మనం క్రెమా అంటున్న చిక్కటి తేనెరంగు నురగ కప్పు మీద కనిపించడం మొదలైంది. ఇంటి వాడకానికి ఉద్దేశించిన క్లాసిక్ 1991లో వచ్చింది, క్లాసిక్ ప్రో 2019లో వచ్చింది. మధ్యలో 2015లో వచ్చిన రూపాన్ని పక్కన పెడితే, లోపలి అమరిక ఇన్నేళ్లలో పెద్దగా మారలేదు. ఉక్కు పెట్టె, అందులో చిన్న అల్యూమినియం బాయిలరు, ఒక పంపు, వేడిని అదుపు చేసే రెండు థర్మోస్టాట్లు, ముందు మూడు మీటలు: ఒకటి కరెంటుకు, ఒకటి కాఫీకి, ఒకటి ఆవిరికి. తెర లేదు, పీడనం చూపే ముల్లు లేదు, కప్పు నిండగానే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు లేదు. అన్నీ చేసిపెట్టే యంత్రం కావాలనుకునేవారికి ఇది లోపంగా కనిపిస్తుంది కానీ, నా దృష్టిలో దీని బలం అక్కడే ఉంది. పాడయ్యే వస్తువులు తక్కువ, పాడైనా విప్పి చూస్తే అర్థమయ్యేవి.

దీనిలోని 58 మిల్లీమీటర్ల పోర్టాఫిల్టర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పొడి నింపి యంత్రానికి బిగించే పిడి గల గిన్నెను పోర్టాఫిల్టర్ అంటారు. కాఫీ దుకాణాల్లోని పెద్ద యంత్రాలలో అత్యధికం ఈ కొలతే వాడతాయి కాబట్టి, దీనికి సరిపోయే జల్లెడ బాస్కెట్లు, పొడిని అదిమే టాంపర్లు, ఇతర సరంజామా ఎక్కడైనా దొరుకుతాయి. యంత్రంతో పాటు ఇచ్చే ప్లాస్టిక్ టాంపర్ నామమాత్రం, దాన్ని మొదటి రోజే డ్రాయరులో పడేసి బరువైన స్టీలు టాంపర్ కొనుక్కోవడం మంచిది. రెండు రకాల బాస్కెట్లు కూడా వస్తాయి. అడుగున ఒకే ఒక్క సన్నని రంధ్రం ఉండేది పీడన బాస్కెట్. అది పొడి ఎలా ఉన్నా బలవంతంగా నురగ పుట్టిస్తుంది కాబట్టి చూపుకు బాగుంటుంది, రుచిలో మాత్రం ఆ నురగకు పసలేదు. అడుగంతా రంధ్రాలుండే మామూలు బాస్కెట్ అలా దాచిపెట్టదు, పొడి సరిగా లేకపోతే కప్పులో వెంటనే తెలిసిపోతుంది.

గ్రైండర్ సంగతి ఇక్కడే వస్తుంది. ఇటలీలో ఎస్ప్రెస్సో నాణ్యతను ధ్రువీకరించే సంస్థ చెప్పే కొలతల ప్రకారం 7 గ్రాముల పొడి గుండా, దాదాపు 9 బార్ల ఒత్తిడితో, 25 సెకన్లలో, 25 మిల్లీలీటర్ల కాఫీ దిగాలి. ఇప్పటి ఇంటి వాడకందారులు ఎక్కువగా రెట్టింపు మోతాదు తీస్తారు: 18 గ్రాముల పొడికి 36 గ్రాముల ద్రవం, 25 నుంచి 30 సెకన్ల వ్యవధి. తొమ్మిది బార్లు అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు తొమ్మిది రెట్లు. అంత ఒత్తిడితో వచ్చే నీటిని అరనిమిషం పాటు నిలబెట్టి ఉంచేది యంత్రం కాదు, పొడి. పొడి కాస్త గరుకైతే నీరు పది సెకన్లలో జారిపోయి పుల్లని పలుచని ద్రవం మిగులుతుంది, కాస్త మెత్తనైతే చుక్కలు చుక్కలుగా దిగి చేదెక్కుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న ఎడం కంటికి కనిపించనంత చిన్నది. అందువల్ల గ్రైండర్‌కు ఉండవలసిన మొదటి గుణం, అతి చిన్న మెట్లలో సర్దుకోగలగడం.

మిక్సీలో వేసిన పొడి ఈ పనికి ససేమిరా పనికిరాదు. బ్లేడు గింజను కొడుతుందే తప్ప నలపదు కాబట్టి, ఒకే గిన్నెలో మైదా లాంటి దుమ్మూ బొంబాయి రవ్వ లాంటి పలుకులూ కలిసి ఉంటాయి. నీరు పలుకుల మధ్య నుంచి దారి చేసుకుని పోతుంది, దుమ్ము జల్లెడను మూసేస్తుంది. దుకాణంలో పొడి చేయించి తెచ్చుకోవడమూ అంతంతమాత్రమే, ఎందుకంటే మీ యంత్రానికి ఏ మెత్తదనం కావాలో దుకాణదారుకు తెలియదు, పొడి చేసిన కొద్దిసేపటికే వాసన దిగిపోవడమూ మొదలవుతుంది. కావలసింది రెండు పళ్ల చక్రాల మధ్య గింజను నలిపే బర్ గ్రైండర్. తక్కువ ఖర్చులో చేతితో తిప్పేవి మేలు. కింగ్రైండర్ కే6ను తీసుకుంటే, అందులో 48 మిల్లీమీటర్ల ఉక్కు బర్ ఉంది, ఒక పూర్తి చుట్టులో 60 మెట్లు ఉన్నాయి, ఒక్కో మెట్టుకు బర్ల మధ్య ఎడం 16 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మారుతుంది. వన్‌జెడ్‌ప్రెస్సో జే-మ్యాక్స్‌లో ఆ మెట్టు 8.8 మైక్రాన్లే. మధ్యస్థంగా వేయించిన 18 గ్రాముల గింజలు ఒక నిమిషం అటూ ఇటూగా పొడి అవుతాయి, లేతగా వేయించినవైతే చేయి నొప్పి పుడుతుంది. కరెంటుతో నడిచేది కావాలంటే బరాట్జా ఎన్‌కోర్ ఈఎస్‌పీ ఉంది. దాని 40 మెట్లలో మొదటి 20 ఎస్ప్రెస్సోకే కేటాయించారు. ఫిల్టర్ కాఫీకి ఉద్దేశించిన చవక చేతి గ్రైండర్లు మంచివే అయినా వాటి మెట్లు పెద్దవి. ఒక మెట్టులో కాఫీ పరుగెత్తుతుంది, పక్క మెట్టులో పూర్తిగా ఆగిపోతుంది, మధ్యలో ఏమీ ఉండదు.

యంత్రం సరిగా పనిచేస్తున్నప్పుడు ఏమి జరుగుతుందో దగ్గరగా చూడటం బాగుంటుంది. అడుగు లేని పోర్టాఫిల్టర్ ఒకటి విడిగా కొనుక్కుంటే బాస్కెట్ కింది భాగమంతా కళ్ల ముందే ఉంటుంది. 18 గ్రాముల పొడిని బాస్కెట్‌లో పోసి, సన్నని సూదులు గుచ్చిన పిడితో అడుగు దాకా కలిపి ఉండలు విడగొట్టి, టాంపర్‌తో సమంగా అదిమి బిగిస్తాను. మీట నొక్కిన తరువాత కొన్ని సెకన్లు పంపు మోతే వినిపిస్తుంది, ఏమీ కనిపించదు. ఆ తరువాత జల్లెడ అంచుల దగ్గర ముదురు గోధుమ రంగు చుక్కలు పుట్టి, మధ్యకు పాకి, ఒకే ధారగా కలుస్తాయి. ధార మొదట నల్లగా, తరువాత ఎర్రమట్టి రంగులో, చివరికి లేత పసుపులోకి మారుతుంది. కింద పెట్టిన చిన్న త్రాసు 36 గ్రాములు చూపించడానికి రెండు మూడు గ్రాముల ముందే మీట ఎత్తేయాలి, ఎందుకంటే చివరి చుక్కలు ఎలాగూ పడతాయి. ఎక్కడైనా సన్నని ధార పక్కకు గోడ మీదికి చిమ్మిందంటే అక్కడ పొడి సరిగా కలవలేదని, నీరు ఆ సందులోంచి పారిపోతోందని అర్థం. మీట ఎత్తగానే లోపలి సొలెనాయిడ్ వాల్వు మిగిలిన ఒత్తిడిని కింది పళ్లెంలోకి వదిలేస్తుంది. అందువల్ల పిప్పి పొడిబారి, ఒక్క దెబ్బకు బిళ్లలాగా ఊడి వస్తుంది. చవక యంత్రాలలో చాలావాటికి ఈ వాల్వు ఉండదు, పోర్టాఫిల్టర్ తొందరపడి విప్పితే బురద చిమ్ముతుంది.

ఇక ఈ యంత్రంలో ఓపిక పరీక్షించే విషయం వేడి. బాయిలరు చిన్నది, థర్మోస్టాట్ పాతకాలపుది. వేడి ఒక స్థాయికి చేరగానే కరెంటు తెంచుతుంది, బాగా దిగాక మళ్లీ కలుపుతుంది, ఈ లోపల నీటి వేడి పది డిగ్రీలకు పైగానే ఊగుతుంది. ఎస్ప్రెస్సోకు కావలసింది 90 నుంచి 96 డిగ్రీల మధ్య కాబట్టి, ఆ ఊపులో ఏ క్షణంలో మీట నొక్కామన్నదాన్ని బట్టి ఒకే పొడి ఒకసారి పుల్లగా, ఒకసారి మాడు చేదుగా దిగుతుంది. దీనికి విరుగుడు కష్టమైనదేమీ కాదు. పోర్టాఫిల్టర్ బిగించి ఉంచి యంత్రాన్ని పదిహేను ఇరవై నిమిషాలు వేడెక్కనివ్వాలి, కాస్త నీరు వదిలి హీటరు మొదలయ్యేలా చేయాలి, సిద్ధమని చెప్పే దీపం వెలిగాక ప్రతిసారీ ఒకే వ్యవధి ఆగి మీట నొక్కాలి. వ్యవధి పది సెకన్లా ఇరవయ్యా అన్నది మీ నాలుకే చెబుతుంది, కానీ రోజూ అదే పాటించాలి. ఇది విసుగనిపిస్తే పీఐడీ అనే చిన్న ఎలక్ట్రానిక్ నియంత్రికను విడిగా బిగించుకోవచ్చు. అది వేడిని ఒకటి రెండు డిగ్రీల లోపల నిలుపుతుంది. గాజియుయినో అనే ఉచిత రూపకల్పన ఆధారంగా తెర, పీడన నియంత్రణ కూడా బిగించుకున్న ఔత్సాహికులున్నారు. టంకం పెట్టడం వచ్చినవారికి అదొక మంచి వ్యసనం. నాకు కాఫీ చాలు.

ఒత్తిడి గురించి ఒక్క మాట. 2019 నాటి క్లాసిక్ ప్రోలో పంపు ఒత్తిడి 9 బార్లకు మించి ఉండేలా స్ప్రింగు అమర్చి వచ్చింది, దాని తరువాతి రూపంగా 2023లో వచ్చిన ఎవో ప్రోలో 9 బార్ల స్ప్రింగే ఉంది. పాత దానిలో స్ప్రింగు మార్చుకోవడం చవక పని, స్క్రూడ్రైవరూ స్పానరూ ఉంటే చాలు. పెట్టె మీద 15 బార్లు అని రాసి ఉన్నదాన్ని చూసి మురిసిపోయేవారికి ఇది వింతగా తోచవచ్చు గానీ, అది పంపు ఇవ్వగల గరిష్ఠ శక్తి మాత్రమే, కాఫీకి కావలసినది కాదు.

గింజల విషయంలో మనం అదృష్టవంతులం. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా మన తూర్పు కనుమల్లోనే పండుతుంది. గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన, వాటికే పాకించిన మిరియాల తీగల పక్కన పెంచే ఆ కాఫీలో చేదు తక్కువ, పండు వాసన ఎక్కువ. నిజం చెప్పాలంటే లేతగా వేయించిన అరకు గింజలు ఈ యంత్రం మీద తేలికగా లొంగవు, వాటికి ఎక్కువ వేడి, ఇంకా మెత్తని పొడి కావాలి. మధ్యస్థం నుంచి కాస్త ముదురుగా వేయించినవి తీసుకుంటే బెల్లం వాసనతో నిండుగా దిగుతాయి. పాలలో కలపడానికైతే కొంత రోబస్టా రకం గింజలు ఉన్న మిశ్రమమే మేలు, దానితో క్రెమా మందంగా వస్తుంది, పాలలో రుచి మునిగిపోదు. ఇటాలియన్లు తమ ఎస్ప్రెస్సో మిశ్రమాల కోసం మన రోబస్టాను ఏళ్ల తరబడి కొంటున్నది ఇందుకే. పశ్చిమ తీరంలో వానగాలికి ఆరబెట్టి తయారుచేసే మాన్‌సూన్డ్ మలబార్‌లో పులుపు దాదాపు ఉండదు, పుల్లని కాఫీ గిట్టనివారికి అది సరైన మొదటి మెట్టు.

ఏది కొన్నా వేయించిన తేదీ ప్యాకెట్ మీద ఉన్నదే కొనండి. వేయించిన వారం పది రోజుల తరువాత మొదలుపెట్టి, నెలా నెలన్నర లోపల ముగించాలి. మరీ తాజా గింజల నుంచి వాయువు ఇంకా వెలువడుతూ ఉండటం వల్ల ధార నురుగునురుగుగా, నిలకడ లేకుండా వస్తుంది. పాతబడిన గింజలను ఎంత మెత్తగా పొడి చేసినా ధార నిలవదు. వానాకాలంలో, ముఖ్యంగా విశాఖ వంటి తేమగాలి ఊళ్లలో, నిన్న సరిపోయిన మెట్టు ఇవాళ సరిపోకపోవచ్చు. ఒకటి రెండు మెట్లు అటూ ఇటూ జరుపుకోవడానికి సిద్ధంగా ఉండాలి. చికోరీ కలిపిన పొడిని మాత్రం ఈ యంత్రంలో వేయకూడదు. మన ఫిల్టర్ పొడిలో 20 నుంచి 40 శాతం దాకా ఉండే చికోరీ నీటిలో జిగురుగా కరుగుతుంది. గురుత్వాకర్షణతో నింపాదిగా దిగే డికాషన్‌కు ఆ జిగురే చిక్కదనం, ఒత్తిడి మీద నడిచే జల్లెడకు మాత్రం అదే అడ్డంకి.

పాల దగ్గర ఈ యంత్రం సగం మార్కులే తెచ్చుకుంటుంది. ఎస్ప్రెస్సో తీశాక ఆవిరి మీట నొక్కి, బాయిలరు మరింత వేడెక్కేదాకా ఆగి, గొట్టంలోని నీటిని ముందుగా వదిలేసి, అప్పుడు పాలు పట్టాలి. ఒక కప్పుకు సరిపడే పాలను చక్కని సన్ననురగతో వేడి చేయగలదు, రెండో కప్పు దగ్గర ఆవిరి నీరసిస్తుంది. వెంటనే మరో ఎస్ప్రెస్సో కావాలంటే కాసిన్ని నీళ్లు వదిలి బాయిలరును చల్లార్చాలి, లేకపోతే పొడి మాడుతుంది. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన, కాచని ప్యాకెట్ పాలు దీనికి శ్రేష్ఠం. ఆరు శాతం వెన్న ఉన్న ఫుల్ క్రీమ్ పాలతో నురగ నునుపుగా వస్తుంది. కాచి చల్లార్చిన పాలే వాడేట్టయితే మీగడ తరకలను వడగట్టి తీసేయాలి. 60, 65 డిగ్రీల దగ్గర ఆపాలన్నది నియమం, ఆ వేడికే పాల తీపి బయటపడుతుంది. ఆ నియమం మా అత్తగారికి నచ్చలేదు. ఒక గుక్క తాగి, "చల్లారిపోయింది, కాస్త వెచ్చబెట్టి తీసుకురామ్మా" అన్నారు. వెచ్చబెడితే నురగ పోతుంది, పోనివ్వండి, ఆవిడకు నురగతో పనిలేదు.

నీటి విషయం నిర్లక్ష్యం చేస్తే యంత్రం ఆయుష్షు సగానికి పడిపోతుంది. హైదరాబాదులో బోరు నీళ్లు వాడే అపార్ట్‌మెంట్లలో గీజరు కాయిల్ మీద తెల్లని పెచ్చు కట్టడం చూసినవారికి, అదే నీరు ఈ చిన్న బాయిలరును ఏం చేస్తుందో విడమరచి చెప్పనక్కరలేదు. అలాగని లవణాలన్నీ తీసేసిన ఆర్వో నీటితో కాఫీ చప్పగా వస్తుంది. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 75 నుంచి 250 మిల్లీగ్రాముల మధ్య ఉండాలని స్పెషాల్టీ కాఫీ సంఘం సూచన. ఆర్వో యంత్రానికి టీడీఎస్ సర్దే మరచీల ఉంటే దాన్ని 100 దాటేలా తిప్పుకుంటే సరిపోతుంది.

ధర భారమనిపించేవారు డెలాంగీ డెడికా వైపు చూస్తారు. అది సుమారు 15 సెంటీమీటర్ల వెడల్పుతో చిన్న వంటగదిలోనూ ఇమిడిపోతుంది, త్వరగా వేడెక్కుతుంది, దాని పోర్టాఫిల్టర్ మాత్రం 51 మిల్లీమీటర్లది, బాస్కెట్లు పీడన రకంవి. గ్రైండర్ కొనే ఉద్దేశం అసలు లేనివారికి నేను దాన్నే సూచిస్తాను. పాలు అక్కర్లేక, ఒక్క కప్పు నల్లని ఎస్ప్రెస్సో చాలనుకునేవారికి ఫ్లెయిర్ వంటి చేతి లివరు పరికరం ఉంది. దానికి కరెంటే అవసరం లేదు, కాచిన నీళ్లు చాలు. ఇవి రెండూ కాదని క్లాసిక్ ప్రో కొనడానికి నేను చెప్పే ముఖ్య కారణం విడిభాగాలు. రబ్బరు గ్యాస్కెట్, నీటిని పొడి మీద సమంగా పరిచే షవర్ స్క్రీన్, థర్మోస్టాట్, పంపు అన్నీ విడివిడిగా దొరుకుతాయి, మిక్సీలూ గీజర్లూ బాగుచేసే మన వీధి మెకానిక్ కూడా వైరింగు చూసి సంగతి గ్రహించగలడు. నేను కొన్న ఆన్‌లైన్ దుకాణం వారిని గ్యాస్కెట్ అడిగితే యంత్రమే వెనక్కి పంపమన్నారు కానీ గ్యాస్కెట్ పంపలేదు. అందువల్ల కొనేటప్పుడే రెండు గ్యాస్కెట్లు అదనంగా తెప్పించుకోవడం నయం. వారానికోసారి రంధ్రాలు లేని బాస్కెట్ బిగించి నీటిని వెనక్కి తన్నించి కడిగితే లోపలి వాల్వులో కాఫీ జిడ్డు పేరుకోదు.

కొనుగోలు గురించి చివరగా, మన కుటుంబాల్లో తరచూ తలెత్తే ప్రశ్న ఒకటుంది: అమెరికాలో తక్కువకు వస్తోంది, అక్కడి నుంచి వచ్చేవారి సూట్‌కేసులో తెప్పించుకోవచ్చా? తెప్పించుకోకండి. అక్కడ అమ్మేది 120 వోల్టుల, 60 హెర్ట్‌జ్ యంత్రం. మన 230 వోల్టులకు నేరుగా పెడితే కాలిపోతుంది. వెయ్యి వాట్లు దాటి తీసుకునే యంత్రం కాబట్టి షేవరుకో ఛార్జరుకో వాడే చిన్న కన్వర్టరు దీన్ని మోయలేదు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కొని వంటగట్టు కింద పెట్టుకోవాలి, అప్పటికీ పంపు వేరే ఫ్రీక్వెన్సీకి తయారైనదే. ఇక్కడి వోల్టేజీకి తయారైన యంత్రాన్నే, వారంటీ రాసిచ్చే అమ్మకందారు దగ్గర కొని, 16 ఆంపియర్ల ప్లగ్గుకు పెట్టుకోండి. అమెరికా నుంచి వచ్చే బంధువు ఏం తేవాలని అడిగితే చేతి గ్రైండర్ తెమ్మనండి, దానికి ఏ దేశపు కరెంటుతోనూ పనిలేదు.